చక్రమున గాలి పోవు త్రోవ



గత మాసమున ఈ పుటయందు కుంకుడుకాయలను పురుగు పట్టకుండ ఏడాది పొడవున నిలువచేయు విధమును వ్రాసితిని. ఆ కుంకుడు రసముతోనే ఈ మాసమున మరియొక పని చెప్పవలసి వచ్చినది. అది తలంటునకును గాదు, పట్టుచీరలకును గాదు, కారు చక్రమునకు. నవ్వకుడు. పలమనేరు నుండి యొక సోదరి యిట్లు వ్రాసినది: “మా కారు టైరొకటి వారము తిరుగునప్పటికి మెత్తబడుచున్నది. మేకు గ్రుచ్చుకొనలేదు, పంక్చరు లేదని అంగడివారు చెప్పుచున్నారు. గాలి యెట్లు పోవుచున్నదో మీకేమైన తెలియునా?” తెలియును. తెలిసికొనుటకు మేము వెల చెల్లించితిమి గనుక చక్కగనే తెలియును.

మా వారు తిరుపతిలో ఉపాధ్యాయులు. మా సీమలో అట్టివారిని అయివారని పిలుచుట వాడుక. అయివారి యింట కారేమిటని తలంపవలదు. అది మరియొకరు ఏడేండ్లు నడిపి విడిచిన బండి. విలాసమునకు కొన్నదియు గాదు. మా అమ్మ చిత్తూరులో ఒంటరిగ నున్నది. చంద్రగిరి, పూతలపట్టు మీదుగ తిరుపతి నుండి చిత్తూరునకు సుమారు 70 కిలోమీటర్ల దారి. బస్సులకు కొదవ లేదు గాని, వేళగాని వేళ పిలుపు వచ్చినచో బస్సు కొరకు కనిపెట్టుకొని యుండరాదని నేనే పట్టుబట్టి కొనిపించితిని. నడుపుటయు నేర్చుకొంటిని.

కొన్న మరుసటి యేట టైర్లరిగినవని నాలుగును క్రొత్తవి వేయించితిమి. అటుపిమ్మట మూడేండ్లకు ఎడమవైపు వెనుక చక్రము గాలి విడుచుట మొదలుపెట్టినది. ఆదివారము 33 పౌండ్లు నింపించినచో మరుసటి ఆదివారమునకు 24. పౌండ్లనగా చదరపు అంగుళమునకు ఇంత ఒత్తిడి యని బంకులలోని లెక్క. మీ బండికెంత వలయునో డ్రైవరు ప్రక్క తలుపు తీసినచో ఆ చట్రముమీద అంటించిన చీటిలో సాధారణముగ నుండును. అంగడికి తీసికొనిపోతిమి. అచటి అబ్బాయి చక్రమును ఊడదీసి, నీళ్ల తొట్టిలో నిలువుగ ముంచి, మెల్లగ త్రిప్పి చూచి, “మేకు లేదుక్కా, టైరు బాగుండాది. ఎండలకు గాలి అట్లనే తగ్గతాది. వారానికొకతూరి పట్టించుకుంటా పోండి, ఏం గాదు” అనెను.

ఎండకు గాలి తగ్గునా? మూతవేసిన పాత్రలోని గాలి వేడికి ఒత్తిడి పెంచునే గాని తగ్గింపదు. పది డిగ్రీల వేడి హెచ్చినచో కారు టైరులో ఒకటిన్నర పౌండు పైచిలుకు హెచ్చును. ధనుర్మాసపు తెల్లవారుజామున తగ్గినదన్నచో నమ్మవచ్చును. రోహిణికార్తెలో తగ్గినదనిన నమ్ముటెట్లు? ఈ మాట నాకప్పుడు తోచలేదు. తలయూచి యింటికి వచ్చితిని. ఎంత మంచి టైరైనను రబ్బరు గుండ నెలకొక పౌండో రెండు పౌండ్లో పోవుట సహజము. వారమునకు తొమ్మిది పోవుట సహజము గాదు.

మా వారు, “బంకులో గాలి ఉచితమే గదా, శనివారము శనివారము నింపుకొందము, మేకు లేనప్పుడు మరమ్మతు దేనికి?” అనిరి. నేనును ఒప్పుకొంటిని. ఇట్లు ఏడు మాసములు గడచినవి. ఏడు మాసములు గాలి నింపుటయే వైద్యమనుకొంటిమి. ఓటికుండలో దినదినమును నీళ్లు పోసి, కుండ బాగున్నదనుకొనుట వంటిదే యిది. అయినను ఇంటింట జరుగుచున్నది గనుక మమ్ము మేమే యెక్కువగ నిందించుకొనను.

ఆ రోజులలోనే యొకమారు తిరుమలకు పోయి, 1944 నాటి పాత ఘాటురోడ్డు వెంట దిగి వచ్చితిమి. దిగుటకు నేడు ఆ దారినే విడుచుచున్నారు. ఆ వంపులలో బండి వెనుకభాగము కొంత తూలినట్లుండగా, సరుకు బరువనుకొంటిని. సరుకేమున్నది, రెండు ప్రసాదపు సంచులు! గాలి తక్కువైన టైరు చక్రము తిరిగిన ప్రతి చుట్టునను ప్రక్కలు నలిగి నలిగి లోలోపల వేడెక్కును. వంపులో గట్టిగ నిలువదు. వేడిమి మితిమీరినచో వేగముగ పోవు బండి క్రింద ప్రక్క పగిలి విచ్చిపోవును. వేసవిలో పెద్ద రోడ్లమీద టైరు ప్రేలినదని మనము వినెడి వార్తలలో కొన్నిటికి మూలమిదియే. మరియొక చిక్కు: ఇప్పటి టైర్లు నింపినవైనను కొంచెము ప్రక్కలు ఉబ్బినట్లే యుండును గావున 24 పౌండ్లకును 33 పౌండ్లకును కంటికి భేదము తెలియదు. కాలితో తన్ని చూచు మగవారికిని తెలియదు. కొలుచు సాధనమొకటి యింట నుండవలసినదే.

ఆషాఢమున ఒకనాటి రాత్రి తొమ్మిదిన్నర గంటలకు చిత్తూరు నుండి ప్రక్కయింటి అత్త ఫోను చేసినది. అమ్మ స్నానాల గదిలో జారిపడినది, లేవలేకున్నది, తుంటి ముట్టనీయకున్నది. అంబులెన్సును పిలువుమంటిని. అమ్మ వలదనుచున్నదట, నేను రానిదే కదలనని పట్టుబట్టినదట. “ఏడవవద్దని చెప్పుము, గంటన్నరలో వచ్చెదను” అంటిని. పాపను పొరుగింట విడిచి వీధిలోనికి వచ్చి చూతుము గదా, ఎడమ వెనుక చక్రము నేలకు అంటుకొని యున్నది. బడిలో పరీక్షల పనివలన రెండు శనివారములు గాలి సంగతి ఇరువురమును మరచితిమి.

మా వారు జాకీ యెత్తి, చెమటలు క్రక్కుచు అరగంటకు స్టెప్నీ తగిలించిరి. జాకీ దించగనే అదియు నేలకణగెను. కొన్ననాటి నుండి దాని ముఖమైన చూచినవారము గాము. ఆటోలో బస్సు స్టాండునకు పోయి, బస్సు దొరకి, చిత్తూరు చేరునప్పటికి రాత్రి ఒంటిగంట దాటినది. అంతవరకు అమ్మ ఆ తడినేలమీద చాపపై పడియున్నది. ఎముక విరిగినది. శస్త్రచికిత్స జరిగినది, ఇప్పుడు చేతికర్ర సాయమున నడచుచున్నది. ఆలస్యమేలనని అడిగినప్పుడు బస్సు దొరకలేదని చెప్పితిని. అది అబద్ధము గాదు, నిజమును గాదు. అమ్మకు ఈ పత్రిక ప్రతి మాసమును పోవును. ఈ సంచికతో ఆమెకు తెలియును. తెలియుటకే వ్రాసితిని.

అమ్మను ఇంటికి చేర్చి తిరుపతికి వచ్చిన పిమ్మట ఒక ఆదివారము మధ్యాహ్నము, మరల గాలి పట్టించిన ఆ చక్రము నెదుట పీట వేసికొని కూర్చుంటిని. నాకు భారత భాగవతములు ఇంటనే చెప్పిన మా నాయనకు ఒక సైకిలుండెడిది. 1888లో బెల్ఫాస్టు నగరమున డన్లప్ అను పశువైద్యుడు గాలి టైరుకు హక్కుపత్రము పొందిన పిమ్మట సైకిళ్లకు వాడుకలోనికి వచ్చిన యొక తీరు వాల్వులో చిన్న రబ్బరు గొట్టముండును. మా ఊళ్లలో దానిని వాల్ ట్యూబు అందురు. అది చీకినచో మేకు గ్రుచ్చుకొనకయే సైకిలు దిగిపోవును. పైసలిచ్చి వాల్ ట్యూబు తెమ్మని నాయన నన్నే పంపెడివారు. బ్లేడుతో కోసి తొడుగుటయు నాకే యప్పగించెడివారు. పది సంవత్సరముల పిల్లగా నెరిగిన సంగతి ముప్పది దాటిన పిమ్మట జ్ఞప్తికి వచ్చినది: గాలి లోనికి పోవు ద్వారముననే వెలికిని రావచ్చును.

కారు వాల్వు వేరు రకము. 1893లో న్యూయార్కునందలి ష్రేడరు కుటుంబమువారు హక్కుపత్రము పొందిన మాదిరియే నేటికిని లోకమంతట కార్లకును మోటారు సైకిళ్లకును వాడుకలో నున్నది. ట్యూబులేని టైరైనచో, చక్రపు లోహవలయమునకు గల రంధ్రములో నల్లని రబ్బరు కాడ యొకటి బిగించి యుండును. కాడలో ఇత్తడి గొట్టము. గొట్టములో మరలున్న సన్నని పిన్ను. పిన్నునకొక స్ప్రింగు, చిన్న రబ్బరు బిళ్ల. గాలి పట్టునప్పుడు పిన్ను క్రిందికి నొక్కబడి దారి యిచ్చును. తీసినంతనే స్ప్రింగును, లోపలి గాలియు కలిసి దానిని పైకి నెట్టి మూయును. లోని గాలియే తన తలుపు తాను వేసికొనునన్నమాట. ఆ బిళ్లక్రింద ఇసుకరేణువొకటి చేరినను, మర వదులైనను తలుపు సందు విడుచును. ఇది యొక త్రోవ. రబ్బరు కాడ వయసుచేత బీటలు వారుట రెండవ త్రోవ.

కైక తన చేతిని రథచక్రపు సీల రంధ్రమున నుంచి దశరథుని కాపాడినదను కథను వాల్మీకి చెప్పలేదు, అధ్యాత్మ రామాయణమునందున్నది. యుద్ధమధ్యమున అంత పెద్ద రథము నిలుచుటయు కూలుటయు ఒక్క సీలమీద నాధారపడినదని విని చిన్ననాడు ఆశ్చర్యపడితిని. ఇప్పుడు పడను. మన తిరుపతి జిల్లాలోనే, వరదయ్యపాలెము మండలము చినపాండూరు వద్ద, అపోలో వారి పెద్ద టైర్ల కర్మాగారము 2020 నుండి నడచుచున్నది. అంత పరిశ్రమతో చేసిన టైరును ఈ చిటికెనవ్రేలంత కాడ వ్యర్థము చేయగలదు.

ఇక కుంకుడు రసము. పది కాయల గుజ్జును గోరువెచ్చని నీట పిసికి, వడగట్టి, చేతితో గిలకొట్టినచో నురుగు లేచును. సబ్బు నీరైనను చాలును. నాకు కుంకుడు నురుగు త్వరగ చావదని తోచినది. అంగడి పిల్లలు ఉమ్మి తడి వ్రేలితో రాచి చూతురు. పని జరుగునే గాని, మన బండిమీద మన కన్నుల యెదుట చూచుట కష్టము. ముందుగ బండిని కొంచెము నడపి, వాల్వు క్రింది వైపునకు వచ్చునట్లు నిలుపుడు. లేనిచో నురుగు నిలువక జారును. చేతి బ్రేకు వేయుడు. వాల్వు మూత తీసి, నోటియందు రెండు మూడు బొట్లు విడువుడు. బుడగ యొకటి ఉబ్బి, పగిలి, మరల ఉబ్బినచో పిన్ను లోపము. తొందరపడక ఒక నిమిషము చూడవలెను. వారమునకు తొమ్మిది పౌండ్లు పోవు దారినుండి బుడగ చాల నెమ్మదిగ లేచును.

అచ్చట లేనిచో కాడ మొదట, వలయములోనికి దిగు చోట, చుట్టును నురుగు రాచి చూడుడు. అప్పటికిని లేనిచో కాడను వ్రేలితో మెల్లగ నొకప్రక్కకు వంచుడు, పిమ్మట రెండవ ప్రక్కకు. మా ఎడమ చక్రమున వంచకున్నంతవరకు ఏమియు లేదు; వెలుపలి వైపునకు వంచగనే మొదట సన్నని బీట విచ్చుకొని, ఆవాల వంటి బుడగలు బారుగట్టి లేచినవి. మా పాప “అమ్మా, ఉడుకుతా ఉండాది!” అని అరచినది. తొట్టిలో నిలువుగ ముంచినప్పుడు అవి కనబడకపోవుటకు కారణమిదియే. ఆ కాడను వంచినవారెవరు? రోడ్డుమీద చక్రము గిర్రున తిరుగునప్పుడు కాడ వెలుపలికి ఈడ్వబడి వంగును, బీట తెరచుకొనును, నిలిచినంతనే మూసికొనును. బండి నడచిన వారములలో ఎక్కువయు, నిలిచిన వారములలో తక్కువయు గాలి పోవుట నేను గమనించియు అర్థము చేసికొనలేకపోతిని. పలమనేరు సోదరి యీ యొక్క సంగతిని గురుతు వేసికొనిన బాగుండును.

స్టెప్నీని కూడ దించి చూచితిని. దాని లోపము మొదటి రకము: వాల్వునకు మూతయే లేదు, నోటియందు ఎఱ్ఱమన్ను.

పిన్ను లోపము ఇంటిలో తీరును. దానిని త్రిప్పు చిన్న పనిముట్టు సైకిలు సామానుల అంగడిలోను, మోటారు సామానుల అంగడిలోను దొరకును. క్రొత్త పిన్నునకును పెద్ద ధర యుండదు. మొదట ఉన్న పిన్నునే కుడివైపునకు కొంచెము బిగించి, మరల నురుగు వేసి చూడవలెను. కమ్మల మర బిగించునంత బిగువు చాలును. మించినచో సన్నని మర చెడును, బిళ్ల నలుగును. బుడగ ఆగకున్నచో క్రొత్తది వేయవలెను. పాతది తీయునప్పుడు గాలియంతయు ఒక్కమారుగ చిమ్మును, పిన్ను బాణమువలె లేచిపోవును. ముఖము ప్రక్కకు పెట్టుకొనుడు, పిల్లలను దూరముగ నుంచుడు. చక్రమును జాకీమీద ఎత్తిన పిమ్మటనే తీయవలెను. బండి బరువు దానిపై నుండగ గాలి విడిచినచో టైరు అంచు వలయము నుండి జారవచ్చును. మరల నింపుటకు చేతి పంపో, కారులోనే తగిలించు చిన్న విద్యుత్తు పంపో సిద్ధముగ లేనిచో ఈ పనికి పూనుకొనకుడు, అంగడిలోనే చేయించుకొనుడు.

కాడ బీట వారినచో మాత్రము మన చేతి పని గాదు. జిగురులును, పట్టీలును అక్కరకు రావు. టైరు అంచును వలయమునుండి విడిపించి, పాత కాడను కోసి తీసి, క్రొత్తదానికి సబ్బునీరు రాచి లోపలినుండి లాగవలెను; దానికి తగిన యంత్రము అంగడిలో నున్నది. “వాల్వు మార్చుము” అని స్పష్టముగ చెప్పి, దగ్గర నిలిచి మార్పించుడు.

ఇచ్చట నాకొక కోపమున్నది. మాకు నాలుగు టైర్లు క్రొత్తవి వేసిన అంగడివారు వాల్వులు మార్చలేదు. టైరు విప్పియే యున్నది. కాడ మార్చుటకు మరి రెండు నిమిషముల పని. ధర టైరు ధరయెదుట లెక్కలోనిది గాదు. అయినను మార్చలేదు, మాకు తెలియక మేమడుగలేదు. మొదటి యజమాని నాటి కాడలే పదేండ్లకు పైగ ఎండలో నెండి యుండెను. రబ్బరునకు ఎండయు, గాలిలోని ఓజోనును శత్రువులు. రబ్బరులో తగిన రక్షణద్రవ్యములు కలుపకున్నచో క్రొత్త కాడయే పగులును: 2008లో అమెరికాయందు, చైనాలో తయారైన కొన్ని వాల్వు కాడలు ఓజోను చేత త్వరలోనే బీటలు వారుచున్నవని తెలిసి వెనుకకు రప్పించిరి. కావున మరీ చౌకదానిని గూడ కోరకుడు. టైర్లు మార్చు ప్రతిసారియు వాల్వులును మార్చవలెనని ముందే మాటాడుకొని, బిల్లులో వ్రాయించుకొనుడు.

మూతలను గూర్చి ఒక మాట. గాలి పట్టు అబ్బాయి మూత తీసి నేలమీద పెట్టి మరచును. మనము ఒక ప్లాస్టిక్కు ముక్కకై వెనుకకు పోవుటకు సిగ్గుపడుదుము. ఆ ముక్కయే దుమ్మును వారించును. నేనిప్పుడు మూతను నా చేతికే తీసికొందును. నైట్రోజను నింపించిన గాలి పోదని కొందరు చెప్పుదురు. మనము పీల్చు గాలిలోనే నూటికి 78 పాళ్లు నైట్రోజను. బీటలువారిన కాడనుండి అదియు పోవును, ఇదియు పోవును.

మా బండికి నాలుగు వాల్వులును మార్పించితిని. స్టెప్నీకి పిన్ను మాత్రము మార్చితిని. మొదటి ఆదివారమునాడు ఉదయము, బండి కదలకముందే, అయిదు చక్రములకును కొలత వేయుచున్నాము. నడచి వచ్చిన చక్రము వేడికి ఎక్కువ చూపును గనుక అప్పటి లెక్క పనికిరాదు. కొలత వేయుట మా వారి పని, పలకమీద వ్రాయుట పాప పని, నురుగు నాది. గడచిన ఆదివారము నాలుగు చక్రములును 33, 33, 32, 33. స్టెప్నీలో 2 పౌండ్లు తక్కువ. పిన్నును పావు చుట్టు బిగించితిని. బుడగ రాలేదు. వచ్చు ఆదివారము మరల చూడవలెను.